డాన్‌ట్రెయిలా, వార్ వితినా? రాత్రి ఒక్క గంట దొరికేవారికి ఏది మేలు?

చిత్తూరులో మా బావ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. తోతాపురి లారీలు గేటు ముందు బారులు తీరాయంటే జూన్, జులై నెలల్లో అతనికి ఇల్లూ వాకిలీ గుర్తుండవు. ఫైనల్ ఫాంటసీ 14 అనే ఆన్‌లైన్ ఆటకు కొత్త ఎక్స్‌పాన్షన్, అంటే విడిగా కొనుక్కోవాల్సిన కొత్త భాగం, డాన్‌ట్రెయిల్ సరిగ్గా ఆ రోజుల్లోనే, 2024 జులై 2న వచ్చింది. కాయ తగ్గి బావ ఊపిరి పీల్చుకునేసరికి, ఆగస్టు 26న మరో ఆన్‌లైన్ ఆట వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ పదో ఎక్స్‌పాన్షన్ ద వార్ వితిన్ కూడా వచ్చేసింది. నేను తిరుపతిలో రెండూ ఆడుతున్నానని తెలిసి ఫోను చేశాడు.

“రెండింట్లో ఒకటే కొంటాను. పిల్లలు పడుకున్నాక నాకు దొరికేది గంట. ఏది కొనమంటావు?”

ఆ రోజు వార్ వితిన్ కొనమన్నాను. కారణాలన్నీ ఫోనులో చెప్పలేకపోయాను. ఆ గంటే కొలతగా పెట్టుకుని ఇక్కడ రాస్తున్నాను.

మొదట గడప సంగతి. డాన్‌ట్రెయిల్ కొన్నంత మాత్రాన అందులోకి అడుగుపెట్టలేరు. 2013 నాటి ఎ రెల్మ్ రీబార్న్ మొదలుకొని హెవెన్స్‌వార్డ్, స్టార్మ్‌బ్లడ్, షాడోబ్రింగర్స్, ఎండ్‌వాకర్ వరకు ప్రధాన కథంతా పూర్తిచేయాలి. అలిపిరి దగ్గర మొదలుపెట్టి 3,550 మెట్లూ నడిచి ఎక్కడం లాంటిదది. కథను దాటేసే సౌకర్యాన్ని విడిగా డబ్బుకు అమ్ముతారు గాని, ఎవరినీ కొనమని చెప్పను. ఆ ఆటకు ప్రాణమే ఆ నడక. గాలిగోపురం దగ్గర ఆగి కిందికి చూస్తే ఊరంతా కనిపించే క్షణం బస్సులో వెళ్లేవారికి దొరకదు. కానీ రోజుకు గంట చొప్పున బావ ఆ మెట్లన్నీ ఎక్కేసరికి మళ్లీ మామిడి సీజన్ వచ్చేస్తుంది.

వార్‌క్రాఫ్ట్ అలా కాదు. బావ 2016లో లీజన్ అనే ఎక్స్‌పాన్షన్ వచ్చినప్పుడు ఆడి, తర్వాత వదిలేశాడు. అప్పటి అతని 110 లెవెల్ పాత్ర, 2020లో లెవెళ్లన్నీ కుదించినప్పుడు 45 అయింది. అక్కడి నుంచి 70 దాకా లాక్కురావడానికి కొన్ని రాత్రులు చాలు. కొత్త కథ దాదాపు అక్కడే మొదలై 80 దాకా సాగుతుంది. మధ్యలో వదిలేసిన మూడు ఎక్స్‌పాన్షన్ల కథ తెలియకపోయినా ఆట ఎవరినీ ఆపదు.

ఇక ఆ గంట సంగతి. వార్ వితిన్‌లో నాకు అన్నిటికంటే నచ్చినవి డెల్వ్‌లు. చిన్న గుహలు, ఒక్కరి నుంచి ఐదుగురి వరకు వెళ్లవచ్చు. ఒంటరిగా వెళ్తే బ్రాన్ బ్రాంజ్‌బియర్డ్ అనే ముసలి అన్వేషకుడు తోడొస్తాడు. అతను గాయాలు మాన్పాలా, శత్రువులను కొట్టాలా అన్నది మన ఇష్టం. మొన్నొక రాత్రి భోజనమయ్యాక కోబోల్డుల గుహకు వెళ్లాను. తల మీద కొవ్వొత్తి పెట్టుకుని తిరిగే ఈ ఎలుక జాతి 2004లో ఆట పుట్టినప్పటి నుంచీ ఉంది. గుహంతా చీకటి. చేతిలో వెలుగు ఉన్నంతసేపే భద్రత. అది తగ్గుతుంటే మరో కొవ్వొత్తి వెతుక్కుంటూ ముందుకు పోవాలి. చివరి పెట్టె తెరిచి గడియారం చూస్తే ఇరవై నిమిషాలైంది. ఎవరి కోసమూ ఎదురుచూడలేదు, ఎవరితోనూ మాట పడలేదు. కష్టం పెంచుకోవాలంటే పదకొండు అంచెలున్నాయి. పెద్ద జట్టుతో చేసే రెయిడ్‌కు వెళ్లే ఓపిక లేనివారికి కూడా వారం చివర మంచి ఆయుధమో కవచమో డెల్వ్‌ల ద్వారానే దక్కుతుంది. ఇన్నేళ్లలో వార్‌క్రాఫ్ట్ ఒంటరి ఆటగాడికి ఇంత మర్యాద ఇవ్వడం నేను చూడలేదు. వార్‌బ్యాండ్లు వచ్చాక ఒక పాత్రతో సంపాదించిన పేరు ప్రతిష్ఠలు మిగతా పాత్రలకూ చెందుతున్నాయి. చేసిన పనే మళ్లీ మళ్లీ చేసి విసిగిపోయినవారికి అది ఎంత ఊరటో చెప్పలేను.

డాన్‌ట్రెయిల్‌లోనూ డంజన్లకు, అంటే జట్టుగా వెళ్లి పోరాడే చోట్లకు, కథలోని పాత్రలనే తోడు తీసుకెళ్లవచ్చు. చిక్కంతా కథ నడిచే తీరుతోనే. టులియోలాల్ అనే రాజ్యపు సింహాసనం కోసం నలుగురు పోటీపడతారు, మనం వుక్ లమట్ పక్షాన తిరుగుతాం. మొదటి సగంలో గంటకు నలభై నిమిషాలు సంభాషణలకే పోయిన రాత్రులున్నాయి. వుక్ లమట్ మంచి పిల్ల, కానీ ప్రతి సన్నివేశంలోనూ ఆమే ముందుంటే మిగతా పాత్రలకు చోటు లేకుండా పోయింది.

అయినా పోరాటాల దగ్గరికి వచ్చేసరికి డాన్‌ట్రెయిల్‌దే పైచేయి. వాలిగర్మండా అనే బాస్, అంటే పెద్ద శత్రువు, నిప్పు, మంచు, పిడుగు మార్చి మార్చి కురిపిస్తుంటే రంగస్థలమే మారిపోతుంది. కొత్త వృత్తుల్లో పిక్టోమాన్సర్ నా మనసు దోచింది. కుంచెతో గాలిలో బొమ్మ గీస్తే ఆ బొమ్మే శత్రువు మీద పడుతుంది. పోరు మొదలవకముందే బొమ్మలు గీసి సిద్ధంగా ఉంచుకోవాలి, అందులో ఒక ముందుచూపు ఉంది.

చివరి ప్రాంతం లివింగ్ మెమరీ గురించి ఎక్కువ చెబితే ఆడబోయేవారికి అన్యాయం. చనిపోయినవారి జ్ఞాపకాలు వెలుగు జిలుగులతో బతికే ఊరది. దాన్ని విభాగం తర్వాత విభాగంగా మన చేతులతోనే ఆర్పుకుంటూ పోవాలి. నీళ్లు, పూలు, సంగీతం పోయి బూడిద రంగు నేల మిగులుతుంది. మా నాయనమ్మ పోయాక బైరాగిపట్టెడ ఇంట్లో ఆమె గది సర్దిన రోజు గుర్తొచ్చి, ఆ రాత్రి ఆట ఆపేసి మేడ మీద కూర్చున్నాను. వార్ వితిన్ నన్ను అంత దూరం తీసుకెళ్లలేదు. హాలోఫాల్ మాత్రం దగ్గరగా వచ్చింది. నేల అడుగున అంత విశాలమైన లోకం, కప్పు నుంచి వేలాడే బెలెడార్ అనే పెద్ద స్ఫటికమే దానికి సూర్యుడు. కొన్ని గంటలకోసారి ఆ బంగారు వెలుగు ఊదా రంగు చీకటిగా మారుతుంది. మొదటిసారి అది మారినప్పుడు ఎగరడం ఆపి చూస్తూ ఉండిపోయాను.

మన వైపు ఆడేవారు ఆలోచించాల్సింది పింగ్ గురించి, అంటే మనం నొక్కింది సర్వరుకు చేరి జవాబు రావడానికి పట్టే ఆలస్యం గురించి. రెండు ఆటలకూ మన దేశంలో సర్వర్లు లేవు. ఫైనల్ ఫాంటసీలో ఒక దెబ్బకూ మరో దెబ్బకూ మధ్య మామూలుగా 2.5 సెకన్లు, వార్‌క్రాఫ్ట్‌లో 1.5 సెకన్లు. అందుచేత మొదటిది మనకు అనుకూలమని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నాను. కానీ ఆ 2.5 సెకన్ల మధ్యలో దూర్చాల్సిన చిన్న దెబ్బలు రెండుంటే, పింగ్ ఎక్కువైనచోట రెండోది ఇరుక్కుపోతుంది. పైగా దెబ్బ తగలబోయే చోటు చూపే నారింజ గుర్తు నేల మీద పడ్డాక, బాస్ మంత్రం ఎంతవరకు వచ్చిందో చూపే గీత నిండిన క్షణానే సర్వరు లెక్క తేల్చేస్తుంది. మంట కనిపించేసరికి మనం బయటే ఉన్నా దెబ్బ తగులుతుంది. మనలాంటివారు గుర్తు పడీ పడగానే కదలడం అలవాటు చేసుకోవాలి. డెల్వ్‌లో ఒంటరిగా ఉన్నప్పుడు ఈ బాధ తక్కువ, మన ఆలస్యానికి ఇంకొకరు బలికారు.

డబ్బు విషయంలో పెద్ద తేడా ఉండలేదు. అవి వచ్చిన 2024లో డాన్‌ట్రెయిల్ 39.99 డాలర్లు, వార్ వితిన్ 49.99, నెల చందా రెండింటికీ 14.99, ఫైనల్ ఫాంటసీలో 12.99 డాలర్ల చిన్న చందా కూడా ఉండేది. చందానే వద్దనుకుంటే గిల్డ్ వార్స్ 2 వైపు చూడండి. దాని ఎక్స్‌పాన్షన్ జాంథిర్ వైల్డ్స్ 2024 ఆగస్టు 20న 24.99 డాలర్లకు వచ్చింది, నెలనెలా కట్టేది ఏమీ లేదు. 2012 నుంచీ గరిష్ఠ లెవెల్ 80 దగ్గరే ఉంది కాబట్టి ఆరు నెలలు ఆడకపోయినా వెనకబడరు. సొంత ఇల్లు కట్టుకునే ఏర్పాటు ముచ్చటగా ఉంది. నేను ఆడింది కొద్దిగానే.

ఎండ్‌వాకర్ ముగించినవారు డాన్‌ట్రెయిల్ తప్పకుండా ఆడాలి, మొదటి సగాన్ని ఓర్చుకుని ఆడాలి. ఆ ఆటే తెలియనివారు ఇప్పుడు డబ్బు పెట్టనక్కరలేదు. స్టార్మ్‌బ్లడ్ దాకా, 70 లెవెల్ వరకు ఉచితంగా ఆడనిస్తున్నారు, మెట్లు అక్కడి నుంచి ఎక్కండి. నాకు ఎక్కువ ఇష్టమైంది డాన్‌ట్రెయిలే. అయినా బావను వార్ వితిన్ కొనమన్నాను, అతని గంట అతనికి మిగలాలి కాబట్టి.

గరుడ సేవ రాత్రి ఊరంతా జనంతో కిటకిటలాడుతుంటే ఇంట్లోనే ఉన్నాను. పదకొండు దాటాక బావ ఫోను. లీజన్ రోజుల్లో అతను ఆటలోకి రాగానే కాలు పెట్టేది డలరాన్‌లోనే. గాలిలో తేలే ఆ ఊళ్లో ఏ దుకాణం ఏ మలుపులో ఉందో కళ్లు మూసుకుని చెప్పేవాడు. వార్ వితిన్ మొదట్లోనే ఆ ఊరు కూలిపోతుంది. ఈ ఒక్క సంగతి కావాలనే అతనికి ముందుగా చెప్పలేదు.

“డలరాన్ పోయింది రా,” అన్నాడు. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “రేపు కూడా పిల్లల్ని తొందరగా పడుకోబెట్టాలి,” అన్నాడు.