బరంపురంలో ఆపరేషన్‌కు ముందు వ్యాయామ శిక్షణ: నడకకు సరే, చెవికి విద్యుత్తు పంపే యంత్రానికి వద్దు

బరంపురంలో ఆస్కా రోడ్డు వైపున్న ఒక ఫిజియోథెరపీ కేంద్రంలో, పెద్ద ఆపరేషన్ చేయించుకోబోయేవారికి కొన్ని వారాల ముందునుంచే నడక, శ్వాస వ్యాయామాలు, కాళ్లలో బలం పెంచే కసరత్తులు నేర్పుతున్నారు. పెద్దపేగు ఆపరేషన్ నిర్ణయమయ్యాక మా పెదనాన్నగారిని అక్కడ చేర్పించాము.

అక్కడ నాకు బాగా నచ్చినది తొలి పరీక్ష. 30 మీటర్ల వరండాలో 6 నిమిషాలు నడిపించి, ఆగిన వెంటనే గుండె వేగం ఎంత ఉందో, సరిగ్గా నిమిషం తరువాత ఎంతకు దిగిందో రాసుకున్నారు. అంతకుముందే బీపీ మాత్రల అట్ట చూపించమన్న అక్కడి ఫిజియోథెరపిస్టు అమ్మాయి, అటెనలాల్ వంటివి వాడేవారిలో గుండె వేగాన్ని మందే అణచి ఉంచుతుంది కనుక ఆ అంకెను ఉన్నదున్నట్లు నమ్మకూడదని వివరించింది.

ఆగిన తొలి నిమిషంలో గుండెను నెమ్మదింపజేసేది ముఖ్యంగా మెదడు అడుగు భాగం నుంచి గుండె, ఊపిరితిత్తులు, పేగుల వరకు దిగే వేగస్ నరం. ఒంట్లో దారుఢ్యం ఉన్నవారిలో దీని పట్టు గట్టిగా ఉంటుంది. ఇదే నరం రోగనిరోధక కణాలు టీఎన్ఎఫ్ అనే వాపు కారకాన్ని అతిగా వదలకుండా కూడా అదుపు చేస్తుందని అమెరికా శాస్త్రవేత్త కెవిన్ ట్రేసీ బృందం 2000లో ఎలుకలలో చూపించింది. ఆపరేషన్ కూడా శరీరానికి ఒక గాయమే కనుక, ఆ వాపు ఎంతవరకు అదుపులో ఉంటుందన్నది కోలుకోవడానికి ముఖ్యం. 2017లో లండన్ పరిశోధకులు ఈ నరానికి మూలమైన మెదడు కణాల పని ఆపితే ఎలుకల వ్యాయామ సామర్థ్యం పడిపోయిందని, ప్రేరేపిస్తే పెరిగిందని కనుగొన్నారు. అంటే దారుఢ్యం కండల్లోనే కాదు, నరాల్లోనూ ఉందన్నమాట.

ఇంత చక్కగా చెప్పినవారే, చెవికి క్లిప్పు తగిలించి స్వల్ప విద్యుత్తు పంపే యంత్రానికి విడిగా రుసుము అడగడం నాకు నచ్చలేదు. వేగస్ శాఖ ఒకటి చెవి చర్మానికి వస్తుందన్నది నిజమే. దాన్ని ప్రేరేపిస్తే ఆపరేషన్ తరువాత త్వరగా కోలుకుంటారనడానికి మాత్రం గట్టి రుజువు ఇంకా లేదు. మేము వద్దన్నా, వెళ్లిన ప్రతిసారీ మళ్లీ అడిగారు.

ఇంకొక లోటు, ఇంట్లో చేయవలసిన వ్యాయామాల కాగితం ఒడియాలోను ఇంగ్లీషులోను మాత్రమే ఉండటం. ఒడియా ధారాళంగా మాట్లాడినా చదవలేని పెద్దలు మన తెలుగు ఇళ్లలో ఎందరో ఉన్నారు. చివరికి మా చెల్లెలే బొమ్మల పక్కన తెలుగులో రాసిపెట్టింది.

గుండె జబ్బు ఉన్నవారు సర్జన్ అనుమతి చీటీ వెంట తీసుకువెళ్లాలి. అది లేనిదే అక్కడ నడక పరీక్ష చేయరు.