మానసిక ఆసుపత్రి కేసులో ఉచిత న్యాయ సహాయం: మా అనుభవం, నా రేటింగ్

రేటింగ్: ఐదుకు నాలుగు స్టార్లు.

జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థ గురించి ఈ రివ్యూ. ఇష్టం లేకుండా మానసిక ఆసుపత్రిలో చేర్చిన మనిషి కోసం ఎవరి తలుపు తట్టాలో మా ఇంట్లో ఒక్కరికీ తెలియదు. మాకు దారి చూపింది ఈ ఆఫీసే. అక్క ఒప్పుకున్నాకే రాస్తున్నాను. జిల్లా పేరు, ఆసుపత్రి పేరు మాత్రం రాయను.

అక్క తిండి, నిద్ర మానేసింది. ఎవరో తనను కనిపెట్టి చూస్తున్నారని ఒకటే భయం. బావ కంగారుపడి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. ఆయన్ని నేను తప్పుపట్టను, అన్ని రాత్రులూ ఆయనా మేలుకునే ఉన్నారు. కానీ మందులు పడ్డాక అక్క తేరుకుంది, ఇంటికి తీసుకుపొమ్మని అడగడం మొదలుపెట్టింది. ఆసుపత్రివాళ్లేమో చేర్చినవాళ్లు సంతకం పెడితేనే పంపుతామన్నారు. బావకు సంతకం పెట్టే ధైర్యం చాల్లేదు. అక్క ఫోన్ కూడా వాళ్ల దగ్గరే పెట్టుకున్నారు. ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్.

తెలిసిన లాయరు ఒకాయన సివిల్ కోర్టులో కేసు వేద్దామన్నారు, ఫీజు కూడా చెప్పారు. న్యాయ సేవాధికార సంస్థలో మాకిచ్చిన ప్యానెల్ లాయరు మేడమ్ ఆ మాట వినగానే తల అడ్డంగా ఊపారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డుకు అప్పగించిన విషయాల్లో సివిల్ కోర్టుకు అధికార పరిధి లేదు, 116వ సెక్షన్ ఆ దారి మూసేసింది. వెళ్లాల్సింది ఆ బోర్డుకే. ఈ ఒక్క ముక్క ముందే తెలియకపోతే డబ్బూ పోతుంది, రోజులూ పోతాయి. లోపల ఉన్న మనిషికి ఒక్కో రోజు ఎంత బరువో అక్క ముఖంలో చూశాను.

మేడమ్ ఓపిగ్గా చెప్పారు. పాత 1987 చట్టంలో బలవంతంగా చేర్చడానికి మేజిస్ట్రేటు ఇచ్చే రిసెప్షన్ ఆర్డరు ప్రధానమైన దారి. 2018 మే 29న కొత్త చట్టం అమల్లోకి వచ్చాక పద్ధతి మారింది. రోగి తరఫున నామినేటెడ్ ప్రతినిధి, అంటే తన తరఫున నిలబడడానికి రోగి ముందుగా రాసిచ్చిన మనిషి లాంటివాళ్లు, దరఖాస్తు పెట్టాలి. ఒక సైకియాట్రిస్టు, మరో మానసిక ఆరోగ్య నిపుణుడు లేదా డాక్టరు ఎవరికి వారు విడిగా పరీక్షించాలి. తనకో ఇతరులకో హాని చేసే పరిస్థితి ఉందని, లేదా తన బాగోగులు చూసుకోలేక ప్రమాదంలో పడిందని ఇద్దరికీ అనిపించాలి. అప్పుడే, అదీ 30 రోజుల వరకే. ఆడవాళ్లనైతే చేర్చిన 3 రోజుల్లోపు బోర్డుకు తెలియజేయాలి. మేజిస్ట్రేటు పాత్ర పూర్తిగా పోలేదు. ఇంట్లో హింసకో నిర్లక్ష్యానికో గురవుతున్న రోగిని పోలీసులు తన ముందుకు తెస్తే, పరీక్ష కోసం 10 రోజులు మించకుండా ఆసుపత్రికి పంపవచ్చు. బోర్డు తీర్పు నచ్చకపోతే 30 రోజుల్లో హైకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు.

ఆదాయం సర్టిఫికెట్ అడుగుతారేమోనని భయపడ్డాను, అడగలేదు. ఆడవాళ్లకు ఈ ఉచిత సహాయానికి ఆదాయంతో పని లేదట. బోర్డులో దరఖాస్తుకు కూడా ఫీజు లేదు.

ఇక మేడమ్ పని ఎలా ఉందో చెప్పాలి. ఆసుపత్రి నుంచి అడ్మిషన్ కాగితాలు తెప్పించారు. ఇద్దరు డాక్టర్ల రిపోర్టులూ బల్ల మీద పక్కపక్కన పెట్టి నన్ను చదవమన్నారు. వాక్యాలన్నీ ఒకటే. అక్క పేరులో ఒక అక్షరం తప్పు పడింది, ఆ తప్పు రెండింటిలోనూ ఉంది. విడివిడిగా పరీక్షించి ఉంటే ఇలా ఎలా వస్తుంది? 'దూకుడుగా ప్రవర్తిస్తోంది' అని రాశారు, ఎవరి మీద, ఎప్పుడు అన్నది ఎక్కడా లేదు. మా బావ కూడా ఆ మాట తాను చెప్పలేదన్నారు. పిటిషన్ అంతా మేడమ్ దీని మీదే నిలబెట్టారు, అక్కర్లేని మాట ఒక్కటీ లేదు.

ఇలాంటి దరఖాస్తును బోర్డు 7 రోజుల్లో తేల్చాలని చట్టం చెబుతోంది, మా విషయంలో ఆ గడువు దాటలేదు. విచారణ గదిలోకి బయటివాళ్లను రానివ్వలేదు. అధ్యక్షులు రిటైర్డ్ జిల్లా జడ్జి, డాక్టర్లు ఉన్నారు, రోగుల కుటుంబాల తరఫు సభ్యురాలూ ఉన్నారు. జడ్జిగారు ఫైలు పక్కకు జరిపి, 'మీకేం కావాలో మీరే చెప్పండమ్మా, తొందర లేదు' అన్నారు. అన్ని రోజుల్లో అక్కను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయనే. మందులు మానను గానీ తాళం వేసిన వార్డులో ఉండలేనని అక్క చెప్పింది. అలా ఉంచడానికి తగిన కారణం లేదని బోర్డు తేల్చింది. ఆ తర్వాత అక్క తన సంతకంతో, స్వతంత్ర రోగిగా, అంటే తన ఇష్టంతోనే చేరిన మనిషిగా, మందులు కుదురుకునేదాకా అక్కడే కొన్నాళ్లు ఉంది. ఫోన్ చేతికొచ్చింది. ఎప్పుడంటే అప్పుడు వెళ్లిపోవచ్చని తెలిశాక ఆమెకు ఉండాలనిపించింది! నిపుణులకు అనుమానం వస్తే పరీక్ష కోసం 24 గంటలు మాత్రం ఆపగలరు.

ఒక స్టారు ఎందుకు తగ్గించానంటే, పిటిషన్ ఇంగ్లీషులోనే ఇచ్చారు. అక్కకు తెలుగు మాత్రమే వచ్చు. మేడమ్ ప్రతి పేరా చదివి వినిపించారు, అది ఆమె మంచితనం. కానీ తన గురించి తన పేరు మీద రాసిన కాగితాన్ని ఆ మనిషి స్వయంగా చదువుకోగలగాలి, తెలుగు ప్రతి ఇవ్వాల్సిందే. ఆఫీసు ఫోన్ కూడా చాలాసార్లు ఎత్తలేదు, నేరుగా వెళ్తేనే పని అయింది. ఉచిత న్యాయ సహాయం గురించి రోగికి చెప్పాల్సిన బాధ్యత చట్టం ప్రకారం ఆసుపత్రి వైద్యాధికారిది. మాకు ఎవరూ చెప్పలేదు.

మీ ఇంట్లో ఇలాంటి పరిస్థితి వస్తే నేరుగా జిల్లా కోర్టు ఆవరణకు వెళ్లి ఈ ఆఫీసు ఎక్కడో అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. చేర్చిన తేదీ రాసి పెట్టుకోండి. రిపోర్టుల కాపీలు, బోర్డుకు సమాచారం పంపిన ఉత్తరం కాపీ కావాలని ఆసుపత్రిని రాతపూర్వకంగా అడగండి. మనిషి బాగున్నప్పుడే నామినేటెడ్ ప్రతినిధి ఎవరో తెల్ల కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకుంటే ఇంకా మంచిది. అక్క ఇప్పుడు నా పేరు రాసింది, ఆ మాట బావకు ముందే చెప్పింది.