ఇంటర్వెల్ టాక్ నమ్మి టికెట్లు కొనకండి, నాకు 4,448 రూపాయలు వదిలాయి

పెద్ద సినిమా విడుదలైన రోజు పొద్దున్నే ఫోన్ చూసి, సాయంత్రం షోకి టికెట్లు కొట్టేద్దాం అనుకునేవాళ్ళు కాస్త ఆగి ఇది చదవండి. నేను ఆగలేదు. ఆరు టికెట్లు, పాప్‌కార్న్, క్యాబ్ అన్నీ కలిపి 4,448 రూపాయలు అయ్యాయి. సగం డబ్బుకి మంచి సినిమా చూశాం. మిగతా సగానికి ఏం చూశామో ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ అర్థం కాలేదు.

సినిమా పేరు చెప్పను. చెప్తే అసలు సంగతి పక్కకి పోయి ఆ హీరో అభిమానులతో గొడవ మొదలవుతుంది. రేపు ఇంకో సినిమాకి ఇంకొకరికి జరిగేది ఇదే కాబట్టి పేరుతో పెద్ద పని కూడా లేదు.

డాలస్‌లో మా మేనత్త కొడుకు ఉంటాడు. అక్కడ ప్రీమియర్లు ముందే పడతాయి కదా, వాళ్ళ బుధవారం సాయంత్రం షో మనకి గురువారం తెల్లవారుజామున అవుతుంది. ఉదయం ఆరింటికి వాడి దగ్గర్నుంచి మెసేజ్. "బావా, ఫస్టాఫ్ అరాచకం. ఇంటర్వెల్‌కి పూనకాలే. కళ్ళు మూసుకుని బుక్ చేసెయ్." ఎక్స్ తెరిస్తే అక్కడా అదే మాట. ఒకడు నిప్పుల బొమ్మలు పెట్టాడు, ఇంకొకడు బ్లాక్‌బస్టర్ అని తేల్చేశాడు. సాయంత్రం ఆరున్నర షోలో ఆరు సీట్లు ఒకే వరుసలో కనిపించాయి. ఇంకో పది నిమిషాలైతే పోతాయేమోనన్న టెన్షన్‌లో, వాడు చెప్పినట్టే కళ్ళు మూసుకుని కొట్టేశాను.

లెక్క చూడండి. తెలంగాణలో రిక్లైనర్లు కాకుండా మల్టీప్లెక్సు టికెట్ మామూలు గరిష్ఠ ధర 250, పద్దెనిమిది శాతం జీఎస్టీతో 295. పెద్ద సినిమాకి మొదటి రోజుల్లో పెంచుకోవడానికి అనుమతి ఇస్తారు. మాకు పడ్డది 350, జీఎస్టీతో 413. ఆరు టికెట్లకి 2,478. బుకింగ్ ఫీజు 210. విశ్రాంతిలో పిల్లలు ఊరుకోరుగా, అక్కడ 1,140. రానూపోనూ క్యాబ్ 620. అదే సినిమా పెంపు గడువు అయ్యాక చూసుంటే ఒక్క టికెట్ల మీదే ఏడు వందలకి పైగా మిగిలేవి.

న్యాయంగా చెప్పాలంటే ఫస్టాఫ్ నిజంగానే బాగుంది. గంటా ఇరవై నిమిషాలు ఎలా గడిచాయో తెలియలేదు. హీరో అసలు ఎవరో చెప్పకుండా దాచి, చిన్న చిన్న సూచనలు ఇస్తూ, ఇంటర్వెల్ దగ్గర ఒక్కసారిగా ఆ ముడి విప్పాడు దర్శకుడు. హాలు హాలంతా ఈలలు. ఎంత మంచి సినిమానైనా "పర్లేదు" అనే మా నాన్న లేచి నిలబడి "బాగా తీశాడ్రా వీడు" అన్నాడు. పాప్‌కార్న్ క్యూలో ముక్కూ మొహం తెలియనివాళ్ళం కథ గురించి మాట్లాడుకున్నాం. ఆ పదిహేను నిమిషాలూ నేనూ మెసేజులు పెట్టాను, ఒప్పుకుంటున్నాను. ఆఫీసులో ఇద్దరు నా మాట నమ్మి మర్నాటికి టికెట్లు తీసుకున్నారు.

విశ్రాంతి అయ్యాక మొదలైంది ఫ్లాష్‌బ్యాక్. నలభై నిమిషాలు. ఫస్టాఫ్‌లో ఏ సూచనలు చూసి మురిసిపోయామో వాటన్నిటికీ జవాబు ఒక్కటే: ఊరి పెద్దని చంపేశారు, కొడుకు పగబట్టాడు. అంతే. దానికి అంత దాపరికం ఎందుకు? తర్వాత ఒక పాట, ఆ పాటలో తప్ప ఇంకెక్కడా కనిపించని హీరోయిన్, గోడౌన్‌లో ఫైటు, మళ్ళీ గోడౌన్‌లోనే ఇంకో ఫైటు. ఫస్టాఫ్‌లో అంత భయపెట్టిన విలన్ క్లైమాక్స్‌కి వచ్చేసరికి బుద్ధి లేనివాడిలా ఒంటరిగా నడుచుకుంటూ వచ్చి దెబ్బలు తిన్నాడు. చిన్నది అమ్మ ఒళ్ళో నిద్రపోయింది. చివర్లో రెండో భాగం ఉందని ప్రకటన. ఉన్న ఒక్క కథకే సెకండాఫ్ లేదు, దానికి రెండో భాగం!

మా డాలస్ వాడిది పూర్తిగా తప్పని అనలేను. సినిమా అయ్యాక కారు నడుపుకుంటూ ఇంటికెళ్ళి పడుకున్నాడట. పొద్దున లేచి పెట్టాడు మెసేజ్: "బావా, సెకండాఫ్ తేడా కొట్టింది, ఆగితే మంచిది." మనకి అప్పుడు సాయంత్రం ఐదూ నలభై. మేము క్యాబ్‌లో ఉన్నాం. మేం తీసుకున్న థియేటర్‌కి రద్దు చేసుకునే వీలే లేదు. ఆ వీలున్న థియేటర్లలోనూ షోకి ఇంత సమయం ముందే చెయ్యాలన్న గడువు ఉంటుంది, బుకింగ్ ఫీజు ఎలాగూ వెనక్కి రాదు.

ఇక్కడే అసలు మోసం ఉంది. మోసం అంటే ఎవరో కావాలని చేసిందని కాదు, ఏర్పాటే అలా ఉంది. సినిమా సగంలో ఉండగా పుట్టిన మాట అందరికన్నా ముందు బయటికొస్తుంది. సీట్లు అయిపోయేది కూడా సరిగ్గా అప్పుడే. పూర్తి సినిమా చూసినవాడి మాట గంటన్నర ఆలస్యంగా వస్తుంది, పైగా అలసిపోయి ఉంటాడు కాబట్టి సగం ఉత్సాహంతోనే రాస్తాడు. ఈమధ్య ముందురోజు రాత్రే ఇక్కడా పెయిడ్ ప్రీమియర్లు వేస్తున్నారు కనుక రాత్రి పదకొండింటికి చదివే పొగడ్తల్లో చాలావరకు ఇంటర్వెల్‌లో రాసినవే.

మన సినిమాల్లోనే ఈ సగం సగం జబ్బు ఎందుకింత ఎక్కువంటే నాకు తోచిన కారణం విశ్రాంతే. హాలీవుడ్ వాళ్ళు తీసేటప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోరు, ఇక్కడ థియేటర్‌వాడే ఎక్కడో ఒకచోట తుంచుతాడు, ఒక్కోసారి మాట మధ్యలో. మనవాళ్ళు కథ రాసుకునేదే ఇంటర్వెల్ బ్యాంగ్ కోసం. ప్రేక్షకుణ్ణి సీట్లోంచి లేపే ఒక మలుపు దొరికితే సగం పని అయిపోయిందనుకుంటారు. నిజంగానే సగమే అవుతుంది. ముడి వెయ్యడం తేలిక, విప్పడమే కష్టం. ట్రైలర్‌లో చూపించే షాట్లు కూడా ఎక్కువగా ఫస్టాఫ్‌వే అని నా అనుమానం. ఈసారి సినిమా చూసొచ్చాక ట్రైలర్ మళ్ళీ వేసి చూడండి, మీకే తెలుస్తుంది.

దీనికి తిరగేసిన రకం కూడా ఉంది, కానీ దాని మీద నాకు ఫిర్యాదు లేదు. 'కల్కి 2898 ఏడీ' విశ్రాంతి దాకా నాకు నెమ్మదిగానే నడిచింది, ఆఖరి గంటకి లేచి కూర్చున్నాను. 'కాంతార'లో నడుమ ఎక్కడ తడబడ్డా చివరి ఇరవై నిమిషాలు చూసొచ్చినవాడు దాని గురించి మాట్లాడడు. భోజనంలో కూర కాస్త మాడినా చివర గడ్డపెరుగు పడితే లేచేటప్పుడు కడుపు చల్లగానే ఉంటుంది. పులిహోర అద్భుతంగా వడ్డించి, ఆఖర్న పులిసిన మజ్జిగ పోసి పంపిస్తేనే బాధ. చివర్లో బాగుండే సినిమాలకి మాత్రం ఇంటర్వెల్ టాక్ అన్యాయం చేస్తుంది. బాగోలేదని రాసేస్తారు, మంచి సినిమా మొదటి రోజు ఖాళీ సీట్లతో ఆడుతుంది. ఎటు చూసినా ఆ మాటని నమ్మి లాభం లేదు.

మొదటి రోజు కొనేవాడికి ఇంకో నష్టం కూడా ఉంది. 2024 జులైలో వచ్చిన 'భారతీయుడు 2' మూడు గంటల సినిమా. సాగదీత ఎక్కువైందన్న మాట వచ్చాక 12 నిమిషాలు కత్తిరించారు. ముందు చూసినవాళ్ళు ఆ 12 నిమిషాలూ డబ్బులిచ్చి భరించినవాళ్ళే. మనం టికెట్ కొని వెళ్ళి వాళ్ళ సినిమాకి పరీక్ష పెట్టినట్టు అన్నమాట.

కన్జ్యూమర్ కోర్టుకి వెళ్తానని మా తమ్ముడు అన్నాడు కోపంలో. వెళ్ళకండి. 2016లో షారుఖ్ ఖాన్ 'ఫ్యాన్' సినిమాకి ప్రచారంలో ఊదరగొట్టిన పాట తీరా సినిమాలో లేదని ఒకావిడ కేసు వేశారు. కింద గెలిచారు కూడా, పదివేలు పరిహారం, ఖర్చులకి ఐదువేలు ఇమ్మన్నారు. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ప్రచార ట్రైలర్ చూపించినంత మాత్రాన అందులో ఉన్నదంతా సినిమాలో ఉంటుందని మాట ఇచ్చినట్టు కాదని తేల్చింది. ఉన్న పాట లేకపోతేనే దిక్కు లేదు, ఇక సెకండాఫ్ బాగోలేదంటే ఎవరు వింటారు?

నాకు నచ్చిన ఏర్పాటు ఒకటి ఉంది. 2024 డిసెంబరులో పీవీఆర్ ఐనాక్స్ వాళ్ళు ఢిల్లీ, గురుగ్రామ్ థియేటర్లలో 'ఫ్లెక్సీ షో' అని మొదలుపెట్టారు. టికెట్‌కి పది శాతం ఎక్కువ కడితే, మధ్యలో లేచి వచ్చేసినా మిగిలిన సినిమాని బట్టి కొంత వెనక్కి ఇస్తామన్నారు. ముప్పావు వంతు కన్నా ఎక్కువ మిగిలుంటే 60 శాతం, సగానికి పైన మిగిలుంటే 50, పావుకీ సగానికీ మధ్య అయితే 30. మా సినిమాకి అది ఉండుంటే ఫ్లాష్‌బ్యాక్ పాతిక నిమిషాలు నడిచాక లేచినా ఏడు వందల పైన వెనక్కి వచ్చేవి. అయితే ఆరుగురు కుటుంబంతో వెళ్ళి మధ్యలో లేవడం చెప్పినంత తేలిక కాదనుకోండి. మా అమ్మ ఎంత చెత్త సినిమా అయినా శుభం కార్డు పడేదాకా కదలదు.

ఇప్పుడు నేను చేస్తున్నది చెప్తాను, నచ్చితే పాటించండి. ఏ మెసేజ్ వచ్చినా సినిమా మొదలైన సమయం చూసి లెక్కవేస్తాను. గంటన్నర లోపల రాసిందైతే పక్కన పెట్టేస్తాను. రివ్యూ చదివేటప్పుడు రేటింగ్ జోలికి పోను, మాటలు చూస్తాను. "ద్వితీయార్ధాన్ని ఇంకాస్త ట్రిమ్ చేసి ఉంటే బాగుండేది" అని మర్యాదగా రాశారంటే జనం నిద్రపోయారని అర్థం. "ఇంటర్వెల్ సినిమాకే హైలైట్" అంటే ఆ తర్వాత హైలైట్ ఏదీ లేదని అర్థం. "ఫ్లాష్‌బ్యాక్ ఊహించదగ్గదే అయినా" అని మొదలైన వాక్యం ఉంటే సోమవారం దాకా ఆగుతాను. సీట్లు పోతాయన్న భయం వద్దు, బాగోలేని సినిమాకి సోమవారం వరుసలకి వరుసలు దొరుకుతాయి. బాగున్నదైతే రెండో వారం కూడా ఆడుతుంది, ఈసారి మామూలు ధరకి.

మా నాన్న ఇదంతా విని నవ్వాడు. తెనాలిలో వాళ్ళు మ్యాట్నీ వదిలే సమయానికి గేటు దగ్గర నిలబడేవారట. బయటికొచ్చేవాళ్ళ మొహాలు చూసి ఫస్ట్ షోకి వెళ్ళాలా వద్దా తేల్చుకునేవాళ్ళు. "విశ్రాంతిలో బీడీ కాల్చుకోడానికి వచ్చినవాడిని అడిగితే ఏం చెప్తాడ్రా, వాడికీ తెలియదుగా" అన్నాడు.

డాలస్ వాడికి కూడా చెప్పాను, పేర్లు పడేదాకా మెసేజ్ పెట్టొద్దని. పోయిన గురువారం మళ్ళీ ఆరింటికే పెట్టాడు. తెరవలేదు, సినిమా అయిపోయే వేళకి, ఎనిమిదింటికి ఫోన్ చేశాను. "సెకండాఫ్ ఎలా ఉంది?" అన్నాను. రెండు సెకన్లు ఏం మాట్లాడలేదు. టికెట్లు తీసుకోలేదు.