మెనూలో పచ్చని ఆకు బొమ్మను నమ్మి ప్యాడ్ థాయ్ తెప్పించకండి: సింగపూర్‌లో శాకాహారులకు జాగ్రత్త

సింగపూర్‌లో ఉంటున్నవాళ్లకీ, అమ్మానాన్నల్నో అత్తమామల్నో ఇక్కడికి పిలిపించుకుంటున్నవాళ్లకీ ముందే చెబుతున్నా. "అసలు సిసలు థాయ్ నూడుల్స్" అని బోర్డు పెట్టి, మెనూలో వంటకం పక్కన పచ్చని ఆకు బొమ్మ వేసినంత మాత్రాన అది శాకాహారం అయిపోదు. మేం వెళ్లిన రెస్టారెంట్ పేరు రాయడం లేదు. ఊరి మధ్యలో ఒక మాల్‌లో ఉంది, చూడటానికి శుభ్రంగానే ఉంది, ధరలు కూడా చిన్నవేం కావు.

మా అత్తయ్యగారు అమలాపురం నుంచి వచ్చారు. గుడ్డు కూడా ముట్టరు. ఆవిడ కోసం ప్యాడ్ థాయ్ అనే నూడుల్స్ ఆర్డర్ ఇచ్చేటప్పుడే గుడ్డు వద్దు, రొయ్యలు వద్దు, ఫిష్ సాస్ అసలే వద్దు అని ఒక్కొక్కటీ విడివిడిగా చెప్పాం. వెయిటర్ అన్నిటికీ తల ఊపి, ట్యాబ్‌లో ఏదో నొక్కుకుని వెళ్లాడు. ప్లేటు వచ్చాక ఆవిడ కొంచెం తిని, ఫోర్క్ పక్కన పెట్టి "బాబూ, ఇదేమిటో చూడు" అన్నారు. పెసర మొలకల మధ్య చిటికెన వేలి గోరంత ఎండు రొయ్య.

పిలిచి చూపిస్తే మొదట వచ్చిన జవాబు, "మాంసం వేయలేదు కదా సార్" అని. తర్వాత మేనేజర్ వచ్చి రొయ్య పొరపాటున పడిందన్నాడు. సరే, మరి ఫిష్ సాస్ సంగతేమిటని గుచ్చి అడిగితే అప్పుడు బయటపడింది. ప్యాడ్ థాయ్ సాస్ వాళ్లు పొద్దున్నే పెద్ద గిన్నెలో కలిపి పెట్టుకుంటారట. ఫిష్ సాస్ అందులోనే ఉంటుంది. దాన్ని ఏ ఒక్క ప్లేటు కోసమో తీయడం ఎవరి వల్లా కాదు. అయినా తీసేస్తామన్నట్టు తల ఊపారు, మెనూలో ఆకు బొమ్మ వేశారు. రొయ్యనైనా పొరపాటు అని సరిపెట్టుకోవచ్చు, దీన్ని ఎలా సరిపెట్టుకోవాలి?

సాస్ ముందే కలిపి పెట్టుకోవడం ఆ ఒక్క వంటగదిలోనే జరిగేది కాదు. రద్దీ వేళ పని తేలికవుతుందని చాలా చోట్ల చేస్తారు, అందులో తప్పేమీ లేదు. ప్యాడ్ థాయ్‌కి ప్రాణం చింతపండు గుజ్జు, తాటిబెల్లం, ఫిష్ సాస్. నానబెట్టిన బియ్యప్పిండి నూడుల్స్‌ని ఆ సాస్‌తో వేయించి, టోఫు, గుడ్డు, ఎండు రొయ్యలు, ఉప్పులో ఊరిన ముల్లంగి ముక్కలు కలిపి, పైన పల్లీల పొడి చల్లుతారు. పక్కన నిమ్మ ముక్క, పచ్చి మొలకలు పెడతారు. థాయ్‌లాండ్‌లో చాలా చోట్ల పచ్చి అరటిపువ్వు ముక్క కూడా ఉంటుంది. మాకు వచ్చిన ప్లేటు మాత్రం ఎర్రగా, తియ్యగా ఉంది. చింతపండు పులుపేదో, టమాటా కెచప్ పులుపేదో గోదావరి జిల్లా మనిషికి ఒకరు చెప్పక్కర్లేదు. శాకాహారం అన్నదే కాదు, అసలు సిసలు అన్నదీ అబద్ధమే.

మాంసం తినేవాళ్లు కూడా నిశ్చింతగా ఉండకండి. బోట్ నూడుల్స్ అని ఇంకో థాయ్ వంటకం ఉంది. దాని పులుసుకు ఆ నలుపు, చిక్కదనం రావడానికి పంది రక్తమో ఆవు రక్తమో కలుపుతారు. థాయ్‌లాండ్‌లో అది దాచే విషయమేమీ కాదు, దాని కోసమే వెతుక్కుంటూ వెళ్లేవాళ్లున్నారు. మా బావమరిది తెప్పించుకున్న "చికెన్ బోట్ నూడుల్స్"లో ముక్కలు చికెన్‌వే, పులుసు మాత్రం అన్నిటికీ ఒకే కుండలోది. తిన్నాక అడిగితే చెప్పారు. మెనూలో ఆ ఊసే లేదు. బీఫ్ గానీ పోర్క్ గానీ ముట్టనివాళ్లు మనలో ఎంతమంది! చియాంగ్ మాయ్ వైపు వంటకం ఖావ్ సోయ్ కూడా అంతే. కొబ్బరిపాల పులుసు కదా అని శాకాహారులు మోజు పడతారు. చికెన్ తీసేసినా, మసాలా ముద్దలో సాధారణంగా రొయ్యల పేస్ట్ ఉంటుంది, నూడుల్స్‌లో గుడ్డు ఉంటుంది.

కాబట్టి "వెజ్ ఉందా" అని అడగడం దండగ. "సాస్ ముందే కలిపి ఉందా, అప్పటికప్పుడు వేస్తారా" అని అడగండి. ప్యాడ్ సీ యూ లాంటి వెడల్పు నూడుల్స్‌కి మామూలుగా సాస్‌లు పెనంలోనే వేస్తారు. ఆయిస్టర్ (ఆల్చిప్ప) సాస్ బదులు మష్రూమ్ సాస్, ఫిష్ సాస్ బదులు సోయా సాస్ వేయమంటే వాళ్లకూ కుదురుతుంది. పచ్చి బొప్పాయి సలాడ్ కూడా రోట్లో అప్పటికప్పుడు దంచేదే. పెనం కూడా వేరుగా ఉండాలనుకునేవాళ్లు మాత్రం మామూలు థాయ్ హోటల్‌కి వెళ్లకపోవడమే మేలు. బ్యాంకాక్, ఫుకెట్ వెళ్లేవాళ్లు పసుపు రంగు మీద ఎర్రగా "17" అంకెలా కనిపించే థాయ్ అక్షరాల కోసం చూడండి. దాన్ని "జే" అంటారు. ఆ వంటలో మాంసం, చేప, గుడ్డు, పాలే కాదు, వెల్లుల్లి, ఉల్లి కూడా వేయరు. కార్తీకమాసం నియమాలు పాటించేవాళ్లకూ పనికొస్తుంది.

ఒకప్పుడు సింగపూర్‌లో థాయ్ భోజనం అంటే బీచ్ రోడ్డులోని గోల్డెన్ మైల్ కాంప్లెక్స్. ఇక్కడ పనిచేసే థాయ్‌లాండ్ వాళ్లే అక్కడ తినేవారు, రుచి తేడా వస్తే వాళ్లే ఊరుకునేవారు కాదు. 2023లో అది ఖాళీ అయ్యాక కొన్ని షాపులు పక్కనున్న గోల్డెన్ మైల్ టవర్‌కి, మిగిలినవి తలో దిక్కుకీ వెళ్లాయి. ఇప్పటికీ థాయ్ వాళ్లు కూర్చుని తింటున్న చోటు మీదే నాకు నమ్మకం. బల్ల మీద పంచదార, ఎండు కారం, మిరపకాయలు వేసిన వెనిగర్, ఫిష్ సాస్ ఉన్న చిన్న సెట్ కనిపిస్తే ఇంకాస్త ధైర్యం. మేం వెళ్లిన చోట కెచప్ సీసా ఉంది.

ఇక బిల్లు. ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే 10 శాతం సర్వీస్ ఛార్జ్, ఆ మొత్తం మీద 9 శాతం జీఎస్టీ పడతాయి. మెనూలో 100 డాలర్లు అంటే చేతి నుంచి పోయేది 119.90. ఇది చట్టప్రకారమే, గొడవ పడి లాభం లేదు. అడక్కుండా తెచ్చి పెట్టే పల్లీల ప్లేటుకూ, తడి టిష్యూలకూ డబ్బు వేస్తారు, అవి మాత్రం వద్దని వెంటనే తిప్పి పంపించేయండి. మేం ముట్టని టిష్యూల డబ్బు అడిగితే తీసేశారు. ప్యాడ్ థాయ్ డబ్బు మాత్రం "సగం తినేశారు" అని తీయలేదు.

మెనూలో ఆకు బొమ్మ ఉన్న పేజీ, ప్లేటులో రొయ్య, బిల్లు, మూడూ అక్కడే ఫోటో తీశాను. వాటితో సింగపూర్ వినియోగదారుల సంఘం, అంటే కేస్‌కి ఫిర్యాదు పెట్టాను. మీకు ఇలా జరిగితే బల్ల మీద నుంచి ప్లేటు తీయనివ్వకుండా ముందు ఫోటో తీయండి. మా ప్లేటు మేనేజర్‌తో మాట్లాడుతుండగానే ఎవరో తీసుకెళ్లబోయారు.