ఎల్‌జీ సీ2 42 అంగుళాల టీవీ: మానిటర్‌గా ఎంతవరకు పనికొస్తుంది?

2022లో వచ్చిన ఈ ఓలెడ్ (ప్రతి పిక్సెల్ తనంతట తానే వెలిగే తెర) టీవీని కొన్నవాళ్లలో చాలామంది హాల్లో గోడకు కాకుండా కంప్యూటర్ టేబుల్ మీద పెట్టుకున్నారు. కారణం సైజే. 4కే రిజల్యూషన్ 42 అంగుళాల్లో ఇమిడితే అంగుళానికి 105 పిక్సెళ్లు పడతాయి. 27 అంగుళాల క్యూహెచ్‌డీ (2560×1440) మానిటర్‌లో ఉండేవి 109, అంటే దాదాపు సమానం. అదే 4కే 55 అంగుళాల్లో అయితే 80కి పడిపోతుంది, దగ్గర కూర్చుంటే అక్షరాల అంచులు మెట్లుమెట్లుగా కనిపిస్తాయి.

వెడల్పు 93 సెంటీమీటర్లు. టేబుల్ లోతు కనీసం 75 సెంటీమీటర్లు లేకపోతే మూలలు చూడ్డానికి మెడ తిప్పుతూనే ఉండాలి. కాళ్లు రెండు చివర్లా ఉంటాయి, ఎత్తు మార్చే వీలు లేదు. ఆర్మ్‌కు (టేబుల్‌కు తగిలించే చెయ్యి లాంటి స్టాండ్) బిగించేటట్టయితే వెనక రంధ్రాల మధ్య దూరం 300×200 మిల్లీమీటర్లు, బరువు సుమారు 9 కిలోలు. చౌక ఆర్మ్‌లు ఈ బరువుకు మెల్లగా కిందికి జారతాయి.

కంప్యూటర్‌కు తగిలించగానే బొమ్మ వస్తుంది గానీ, అది సినిమాకు తగ్గ బొమ్మ. నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద ఎర్ర అక్షరాలు టైప్ చేసి చూడండి. అంచులు అలుక్కుపోయినట్టుంటే టీవీ రంగుల సమాచారాన్ని కుదించేస్తోందన్నమాట. టీవీ హోమ్ డ్యాష్‌బోర్డ్‌లో కంప్యూటర్ తగిలించిన హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్‌ ఐకాన్‌ను 'పీసీ'గా మార్చాలి. మార్చేది ఉత్త బొమ్మ, పేరే అనిపిస్తుంది, కానీ 4:4:4 (కుదించని) రంగు పూర్తిగా వచ్చేది దాంతోనే. ఎన్విడియా కార్డయితే కంట్రోల్ ప్యానెల్‌లో పైనుండే 'అల్ట్రా హెచ్‌డీ' వరుస వదిలేసి, కిందికి జరిగి 'పీసీ' అన్న చోట 3840×2160, 120 హెర్ట్జ్ (సెకనుకు 120 సార్లు బొమ్మ మారడం) ఎంచుకోవాలి. అక్కడే రంగుల ఫార్మాట్ ఆర్‌జీబీ, రేంజ్ ఫుల్ పెట్టాలి.

ఇంత చేసినా విండోస్‌లో అక్షరాల చుట్టూ సన్నటి రంగు అంచు కొంత మిగులుతుంది. ఈ ప్యానెల్‌లో ఒక్కో పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలంతో పాటు తెలుపూ కలిపి నాలుగు సబ్‌పిక్సెళ్లు (రంగు చుక్కలు), అక్షరాలను నున్నగా చూపే విండోస్ క్లియర్‌టైప్ లెక్క వేసేది మూడింటికి. ఇంగ్లిష్‌లో అంతగా తెలియదు. 'రాష్ట్రం' లాంటి మాటలో ఒత్తు కింద ఒత్తు పడినచోట మాత్రం ముద్దయిపోతుంది. తెలుగు ఎక్కువగా చదివేవాళ్లు స్కేలింగ్ (అక్షరాల సైజు పెంచే విండోస్ సెట్టింగ్) 125 శాతం పెట్టుకోవడమే మేలు.

కేబుల్ దగ్గర పొదుపు వద్దు. 'అల్ట్రా హై స్పీడ్' సర్టిఫికెట్ లేని కేబుల్ 60 హెర్ట్జ్‌లో బాగానే ఉండి, 120కి మార్చగానే తెర ఉన్నట్టుండి నల్లబడటం, తెల్ల చుక్కలు మెరవడం మొదలవుతుంది. జనం టీవీని తిడతారు, తప్పు తీగది.

అసలు చిరాకు వెలుతురుతో. తెల్లటి ఎక్సెల్ షీట్ తెరంతా పరిస్తే వెలుగు తగ్గుతుంది, చిన్న విండో చేస్తే పెరుగుతుంది. కదలిక లేని పేజీ కాసేపు అలాగే ఉంటే ఇంకా మసకబారుతుంది. ఎనర్జీ సేవింగ్ ఆఫ్ చేసినా ఈ రెండోది పోదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు కదా. మెకానిక్‌ల కోసం దాచి ఉంచే సర్వీస్ మెనూలోకి వెళ్లి దాన్ని ఆపేవాళ్లున్నారు. వారంటీ మీద ఆశ ఉంటే అటు పోవద్దు. బ్రైట్‌నెస్ తగ్గించి, డార్క్ థీమ్ పెట్టి, టాస్క్‌బార్ దాచేస్తే మసకా తక్కువ తెలుస్తుంది, తెర మీద శాశ్వతంగా మచ్చలు పడే భయమూ తగ్గుతుంది.

మన ఇళ్లల్లో రాత్రి పడుకునేముందు ప్లగ్ దగ్గర స్విచ్ కట్టేసే అలవాటుంది. ఈ టీవీకి అది చేటు. మొత్తం 4 గంటలు వాడాక, రిమోట్‌తో ఆపినప్పుడు అది స్టాండ్‌బైలో తన పిక్సెళ్లను తానే సరిచేసుకుంటుంది. కరెంటు తీసేస్తే ఆ పని జరగదు. ఇంకో సంగతి, కంప్యూటర్ నిద్రపోయి లేచినంత మాత్రాన టీవీ లేవదు. రిమోట్ చేతికందేచోట ఉంచుకోవాల్సిందే.

గేమ్‌లకు, వీడియో ఎడిటింగ్‌కు మంచి సరుకే. రోజంతా తెల్ల పేజీల మీద పనిచేసే అకౌంట్స్‌వాళ్లకు మాత్రం సిఫార్సు చేయలేం. వాళ్లకు 43 అంగుళాల మామూలు ఎల్‌ఈడీ 4కే టీవీ చాలు. అయితే కొన్నిటిలో సబ్‌పిక్సెళ్లు తిరగేసిన వరుసలో ఉండి అక్షరాలకు రంగు అంచులు వస్తాయి కాబట్టి షాపులోనే ల్యాప్‌టాప్ తగిలించి, ఆ ఎర్ర అక్షరాల పరీక్ష చేసి, తెల్ల పేజీ మీద నల్ల అక్షరాల అంచులూ చూశాకే డబ్బు కట్టండి. ల్యాప్‌టాప్‌లో ఉన్నది హెచ్‌డీఎంఐ 1.4 అయితే 4కేలో 30 హెర్ట్జే వస్తుంది, మౌస్ ఈడ్చుకుంటూ నడుస్తుంది. దానికి ఏ టీవీ కొన్నా ఒకటే.