టికెట్టుతో పాటు పది రూపాయల విరాళం: కౌంటర్ ఇవతల నుంచి నా అనుభవం

నెల్లూరు మద్రాసు బస్టాండు దగ్గర నాది చిన్న టికెట్ల షాపు. హైదరాబాదు, బెంగళూరు రాత్రి బస్సులు, చెన్నై నుంచి విమానాలు, ఎండాకాలంలో టూర్ ప్యాకేజీలు. ఎక్కువ బుకింగులు ఒకే యాప్‌లో చేస్తాను. ఆ ట్రావెల్ కంపెనీకి ఒక సేవా ఫౌండేషన్ ఉంది. ఏళ్ల తరబడి దానికి రకరకాల దారుల్లో డబ్బులిచ్చాను, నా చేతుల మీదుగా ఇప్పించాను కూడా. ఏ దారి పనికొస్తుందో, ఏది దండగో ఇప్పుడు చెప్పగలను.

ముందు చెకౌట్ పేజీలో, అంటే డబ్బు కట్టే చోట, కనిపించే ఆ పది రూపాయల విరాళం సంగతి. నాకు బొత్తిగా నచ్చనిది ఇదే. మొదట్లో టిక్కు వాళ్లే పెట్టేసి ఉంచేవాళ్లు. మనం చూసి తీసేస్తే సరి, లేదంటే చార్జీలో కలిసిపోతుంది. సంక్రాంతి రష్షులో, సీటు పోతుందేమోనన్న టెన్షన్‌లో అడుగున ఉన్న చిన్న అక్షరాలు ఎవరు చూస్తారు? బిల్లు చేతికొచ్చాక మాత్రం నన్ను పట్టుకునేవాళ్లు. "ఏంది ఈ పది రూపాయలు? నీ కమీషనా?" అని ఒక పెద్దాయన అందరి ముందూ నిలదీశాడు. దానం చేశానని ఆయనకే తెలియదు, మాట పడింది మాత్రం నేను.

2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ డార్క్ ప్యాటర్న్స్ మీద, అంటే యాప్‌లు కొనేవాళ్లని మాయచేసే పద్ధతుల మీద, మార్గదర్శకాలు తెచ్చింది. అందులో చెప్పిన 13 రకాల్లో బాస్కెట్ స్నీకింగ్ ఒకటి. కొనేవాడి సమ్మతి లేకుండా బిల్లులో విరాళం కలపడం కూడా దాని కిందికే వస్తుంది. ఇప్పుడు నా యాప్‌లో టిక్కు ఖాళీగానే ఉంటోంది. నేనే అడుగుతున్నాను, పిల్లల చదువుకి పది రూపాయలు ఇస్తారా అని. చాలామంది ఇస్తున్నారు. అడిగితే ఇచ్చే జనం దగ్గర అడక్కుండా లాక్కోవడం ఎందుకో నాకర్థం కాదు.

ఇలా ఇచ్చిన డబ్బుకి ఇంకో చిక్కుంది. రసీదు రాదు. టికెట్ బిల్లులో ఒక లైనుగా ఉంటుంది, అంతే. డబ్బు ప్యాసింజరుది, లాగిన్ నాది, ప్యాన్ నంబరు ఎవరిదీ లేదు. పన్ను మినహాయింపు మాట మర్చిపోవాల్సిందే. రివార్డు పాయింట్లు కూడా ఫౌండేషన్‌కి మళ్లించొచ్చు. గడువు దగ్గరపడ్డ పాయింట్లుంటే చేయండి, అంతకన్నా దాని గురించి చెప్పేదేమీ లేదు.

నేను నిలబడిన దారి, నేరుగా ఫౌండేషన్ ఖాతాకే నెలనెలా ఇవ్వడం. అక్కడ ఏ పనికి ఇస్తున్నామో ఎంచుకోవచ్చు. ప్యాన్ నంబరు డబ్బు కట్టేటప్పుడే ఇచ్చేయాలి. ఆర్థిక సంవత్సరం అయ్యాక మే 31 లోగా ఫౌండేషన్ వాళ్లు మనకి విరాళం సర్టిఫికెట్టు పంపాలి, అదుంటేనే పన్ను మినహాయింపు. 1961 ఆదాయపు పన్ను చట్టంలో ఆ సర్టిఫికెట్టు పేరు 10బీఈ, మినహాయింపు 80జీ సెక్షన్ కింద. ఒక ఏడాది నాకు రాలేదు. రెండు మెయిళ్లు, ఒక ఫోను తర్వాత వచ్చింది. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే ఈ లాభం, అదీ ఇలాంటి సంస్థలకి ఇచ్చినదాంట్లో మామూలుగా సగానికే. నగదుగా రెండు వేలు దాటి ఇస్తే అది లెక్కలోకే రాదు.

వాళ్ల వార్షిక నివేదిక చదవడం నాకు అలవాటు. ఇన్ని మొక్కలు నాటాం అని పెద్ద అంకె వేస్తారు, నవ్వుతున్న ఉద్యోగుల ఫోటోలు వేస్తారు. ఎన్ని బతికాయో ఉండదు. మైపాడు వైపు సరుగుడు వేసే రైతునడగండి, గుంత తీసి నాటడం ఎంతసేపని. రోహిణి కార్తె దాటించడమే అసలు ఖర్చు. ఈ మాట మెయిల్‌లో రాశాను. మరుసటి ఏడు నివేదికలో బతికిన మొక్కల శాతం వేశారు. నా ఒక్కడి మెయిల్ వల్లే అనుకోను గానీ, సంతోషం వేసింది.

ఇంకొకటి కూడా చూడండి, మన పది రూపాయల పక్కన కంపెనీ సొంత డబ్బు ఎంతుందో. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి. అది వాళ్ల జేబులోంచి పోవాల్సింది, మన చందాతో తీరేది కాదు. ఆస్ట్రేలియా టూర్ల కంపెనీ ఇంట్రెపిడ్ 2002లో పెట్టిన ఫౌండేషన్ పద్ధతి నాకు నచ్చింది. ఆఫీసు ఖర్చులు కంపెనీయే భరిస్తుంది, విరాళాలకి ఒక పరిమితి వరకు తానూ సమానంగా కలుపుతుంది. నా యాప్ కంపెనీ ఇంకా అంత దూరం రాలేదు.

అసలు చందా ఇవ్వకుండానే సాయపడే దారీ ఉంది. కెనడా టూర్ల కంపెనీ జీ అడ్వెంచర్స్ వాళ్లు 2003లో పెట్టిన ప్లానెటెరా అనే సేవా సంస్థ దీని మీదే నడుస్తోంది. ఊళ్లలోని చిన్న సంఘాలని టూర్ దారిలోకి తెస్తారు, వాటికి యాత్రికులే ఆదాయం. ఢిల్లీలో సలాం బాలక్ ట్రస్టు నడక అలాంటిదే. ఒకప్పుడు వీధుల్లో పెరిగిన కుర్రాళ్లే పహాడ్‌గంజ్ సందులు తిప్పి చూపిస్తారు. ఢిల్లీ ప్యాకేజీ తీసుకునే మా నెల్లూరు వాళ్లకి నేను ఇది చెప్తుంటాను. తాజ్‌మహల్ కన్నా దాని గురించే ఎక్కువ మాట్లాడినవాళ్లున్నారు.

మన దగ్గర ఉదయగిరి ఉంది. కోట చూసి వచ్చేస్తారు జనం. కింద ఊళ్లో కర్రతో గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చెక్కే ఆడవాళ్లున్నారు. ఆకురాయితో అంచు నునుపు చేస్తూ కూర్చుంటారు, పక్కన పొట్టు గుట్టగా పడి ఉంటుంది. మీ టూర్లలో ఇక్కడ ఒక గంట ఆపండి, అదే పెద్ద సాయం అని ఫౌండేషన్‌కి రాశాను. "మీ సూచనకు ధన్యవాదాలు" అని జవాబొచ్చింది, అంతే. ఈలోగా కోటకి వెళ్లే గ్రూపుల్ని నేనే అక్కడ ఆపిస్తున్నాను. పండగ రోజుల్లో వెళ్లేవాళ్లు ముందుగా కనుక్కుని బయల్దేరండి, పని ఉండకపోవచ్చు.