డ్రోసోఫిలా ల్యాబ్‌కు స్టీరియో జూమ్ మైక్రోస్కోప్: నా రివ్యూ

గుంటూరులో డిగ్రీ పిల్లలకు జువాలజీ చెబుతాను. మా ల్యాబ్‌కు ఈ మైక్రోస్కోప్‌ను విజయవాడ గవర్నర్‌పేటలో కొన్నాం. 7 నుంచి 45 రెట్ల దాకా పెద్దది చేసి చూపిస్తుంది. డ్రోసోఫిలాతో, అంటే పండ్ల ఈగలతో, క్లాసు చెప్పే టీచర్లు ధైర్యంగా కొనుక్కోవచ్చు.

అన్నిటికంటే నాకు నచ్చింది లెన్సుకూ డిష్‌కూ మధ్య ఉన్న 10 సెంటీమీటర్ల జాగా. ఫోర్సెప్స్, కత్తెర రెండూ హాయిగా ఆడతాయి. లైటు ఎల్ఈడీ కాబట్టి వేడెక్కదు. పాత బల్బు మైక్రోస్కోప్ కింద, అదీ మన మే నెల ఎండల్లో, సెలైన్ చూస్తుండగానే ఆవిరైపోయేది. స్టేజి ప్లేటు నల్లవైపు పైకి పెట్టండి, లార్వా తేటగా కనబడుతుంది. మూడో దశ లార్వాకు తల దగ్గర, తోక దగ్గర పిన్నులు గుచ్చి, వీపు వెంట నిలువుగా కత్తిరించి, పేగులూ కొవ్వూ తీసేయాలి. అప్పుడు మెదడు రెండు బుడిపెలు, వాటి కిందనుంచి కండరాల్లోకి వెళ్లే సన్నటి తెల్ల నరాలు బయటపడతాయి. "మేడమ్, నరం దొరికింది!" అని ఒకమ్మాయి అరిచిందంటే మిగతా బెంచీలన్నీ అక్కడే గుమిగూడతాయి.

సినాప్స్‌లు, అంటే నరం కండరానికి సంకేతం అందించే చోట్లు, మాత్రం దీంతో కనబడవు. నరం కొసన కండరం మీద పూసల్లా ఉండే ఉబ్బులు చూడాలంటే యాంటీబాడీ రంగులు, ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోప్ కావాలి. అయినా నరాన్ని కళ్లారా చూసిన పిల్లలకు హైవైర్ జన్యువు గురించి చెబితే ఇట్టే ఎక్కుతుంది. ఆ జన్యువు తయారుచేసే ప్రొటీన్ యుబిక్విటిన్ లైగేజ్ అనే ఎంజైమ్. ఏ ప్రొటీన్‌ను విరగ్గొట్టాలో దానికి యుబిక్విటిన్ అనే చిన్న ప్రొటీన్‌ను గుర్తుగా తగిలించడం దీని పని. ఈ జన్యువు చెడిపోతే నరం కొసలు అడ్డూ అదుపూ లేకుండా కొమ్మలు వేస్తాయని 2000లో తేలింది. విచిత్రమేమిటంటే, ఉబ్బులు అన్ని పెరిగినా కండరానికి అందే సంకేతం బలహీనంగానే ఉంటుంది! ఈ సంగతి చెప్పి ఎందుకో ఆలోచించమంటే క్లాసంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతుంది. నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం అది. ఆ అతి పెరుగుదల గుట్టు 2006లో విప్పారు. హైవైర్ లేకపోతే వాలెండా అనే కైనేజ్ (వేరే ప్రొటీన్లకు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్) పేరుకుపోతుంది, దాన్ని కూడా తీసేస్తే కొమ్మలు అలా విపరీతంగా పెరగవు.

ఇక లోపం. ఫోకస్ సెట్ చేసి చెయ్యి తీస్తే మైక్రోస్కోప్ తల మెల్లగా కిందికి జారేది. అలా జారకుండా బిగించే రింగు నాబ్ పక్కన ఉందని షాపువాళ్లు చెప్పనే లేదు, ఫోన్ చేస్తే ఎత్తనూ లేదు. మీరు డబ్బు కట్టేముందే ఆ రింగు చూపించమని అడగండి.